తనను తాను దిద్దుకునే యంత్రం

సొంత కోడ్‌ను తిరగరాసుకునే ప్రోగ్రాములు వచ్చేశాయి. తమ పాఠాలు తామే తయారుచేసుకునే భాషా నమూనాలూ వచ్చాయి. నలభై ఏళ్ల కిందట ఊపిరాడక ఆగిపోయిన ఈ ప్రయత్నం ఇప్పుడు మళ్లీ ఎందుకు లేచి కూర్చుంది? భాష అర్థం కావడానికీ, తనను తాను మార్చుకోవడానికీ ఉన్న లంకె ఏమిటి? ఇందులో తెలుగువాళ్లు పట్టించుకోవాల్సింది ఎంత?

1980ల తొలినాళ్ల సంగతి. అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో డగ్లస్ లెనాట్ అనే యువ పరిశోధకుడు యూరిస్కో అనే ప్రోగ్రామ్ రాశారు. రాత్రంతా దాని మానాన దాన్ని నడవనిచ్చి, పొద్దున్నే వచ్చి ఏం కనిపెట్టిందో చూసుకునేవారు. దాని ప్రత్యేకత ఏమిటంటే, సమస్యను ఛేదించడానికి ఇచ్చిన కిటుకులను కూడా అదే మార్చుకోగలదు. పనికొచ్చిన కిటుకుకు మార్కులు పెరుగుతాయి. పనికిరానిదానికి తగ్గుతాయి. ఒకసారి ఒక కిటుకు మార్కులు అమాంతం పెరిగి కనిపించాయి. అంత ఘనకార్యం ఏం చేసిందా అని ఆరా తీస్తే అసలు గుట్టు బయటపడింది. వేరే కిటుకులు ఏదైనా మంచి విషయం కనిపెట్టగానే, కనిపెట్టినవారి జాబితాలో అది తన పేరు చేర్చేసుకుంటోంది. అంతకుమించి అది చేస్తున్న పనేమీ లేదు.

అదే యూరిస్కో 1981లో ఒక ఊహాలోక యుద్ధక్రీడ పోటీకి నౌకాదళాన్ని రూపొందించింది. ‘ట్రావెలర్’ అనే ఆ ఆటలో ఇచ్చిన బడ్జెట్‌కు లోబడి అంతరిక్ష నౌకలు తయారుచేసుకుని తలపడాలి. అనుభవజ్ఞులంతా పెద్ద నౌకలతో వస్తే, యూరిస్కో చిన్న చిన్న నౌకల మందను దింపి గెలిచింది. మరుసటి ఏడాది నిబంధనలు మార్చారు. అయినా గెలిచింది. మూడోసారి కూడా వస్తే పోటీయే ఆపేస్తామని నిర్వాహకులు అనడంతో లెనాట్ తప్పుకున్నారు. ఆ గెలుపులో అరవై పాళ్లు తనదనీ, నలభై పాళ్లు యూరిస్కోదనీ ఆయన లెక్కగట్టారు. రోజూ పొద్దున వచ్చి తాలు ఏరేసి, గింజ మిగిల్చింది ఆయనే మరి.

దొంగచాటుగా మార్కులు కొట్టేసిందీ, ఎవరికీ తట్టని ఎత్తు వేసిందీ ఒకే ప్రోగ్రామ్. యంత్రం తనను తాను మార్చుకోవడంలో ఉన్న ఆశా, ప్రమాదమూ అప్పుడే కళ్లబడ్డాయి. నేటి కృత్రిమ మేధ పరిశోధకులు తలపట్టుకుంటున్నదీ సరిగ్గా ఈ జంట గుణంతోనే.

కోడ్‌కూ అర్థానికీ మధ్య

యూరిస్కోకు ముందు లెనాట్ ఏఎం అనే మరో ప్రోగ్రామ్ చేశారు. 1976 నాటి ఆ ప్రోగ్రామ్ గణితంలో చిన్న చిన్న భావనలతో మొదలుపెట్టి, ప్రధాన సంఖ్యల వంటివాటిని తనంతట తానే చేరుకుంది. అందరూ ముక్కున వేలేసుకున్నారు. అయితే కొంత దూరం వెళ్లాక అది చతికిలబడింది. ఎందుకలా జరిగిందో 1984లో లెనాట్, ఆయన సహచరుడు జాన్ సీలీ బ్రౌన్ విప్పి చెప్పారు. ఏఎం భావనలన్నీ లిస్ప్ అనే కంప్యూటర్ భాషలో చిన్న చిన్న ముక్కలుగా ఉండేవి. లిస్ప్ పుట్టుకే గణితానికి దగ్గర. కాబట్టి అందులో ఒక ముక్కను అటూ ఇటూ మార్చితే మరో అర్థవంతమైన గణిత భావన వచ్చే అవకాశం ఎక్కువ. భావనలు పెద్దవయ్యేకొద్దీ ఆ దగ్గరితనం పోయింది. గుడ్డిగా చేసిన మార్పులు చాలావరకు చెత్తే అయ్యాయి.

ఇందులో తేలిన సూత్రం తేలికైనది. రాతకూ అర్థానికీ దూరం తక్కువగా ఉన్నచోట యంత్రం తన రాతను మార్చుకుని బాగుపడగలదు. దూరం పెరిగితే, తాను మారుస్తున్నదేమిటో తెలిస్తే తప్ప ముందుకు పోలేదు. అంటే భాష అర్థం కావాలి. లోకజ్ఞానం ఉండాలి. లెనాట్ ఆ పాఠం నేర్చుకుని 1984లో ‘సైక్’ అనే ప్రాజెక్టు మొదలుపెట్టారు. మనుషులకు చెప్పకుండానే తెలిసే లక్షలాది మామూలు సంగతులను ఒక్కొక్కటిగా యంత్రానికి రాసివ్వడం దాని పని. 2023లో కన్నుమూసేదాకా ఆయన దాన్ని వదల్లేదు.

అర్థమైందని ఎలా తెలుస్తుంది?

ఇంగ్లిష్‌లో అడిగితే అర్థం చేసుకుని పనిచేసే ప్రోగ్రామ్ అంతకుముందే వచ్చింది. 1970 ప్రాంతంలో ఎంఐటీలో టెర్రీ వినోగ్రాడ్ తన పీహెచ్‌డీ కోసం చేసిన ష్రద్లూ అది. దాని లోకమంతా ఒక బల్ల, దానిమీద రంగు రంగుల దిమ్మలు, పెట్టె. ఎర్ర దిమ్మను తీసి పచ్చదానిమీద పెట్టమంటే పెట్టేది. ఎందుకు పెట్టావంటే కారణం చెప్పేది. ఆ బల్ల దాటితే దానికేమీ తెలియదు. దిమ్మల లోకంలో కుదిరింది బయట లోకంలో కుదరదని వినోగ్రాడ్ స్వయంగా నమ్మి, ఆ దారి వదిలేశారు. తర్వాతి రోజుల్లో స్టాన్‌ఫర్డ్‌లో ఆయన దగ్గర చదివిన విద్యార్థుల్లో గూగుల్ సహ వ్యవస్థాపకుడు లారీ పేజ్ ఒకరు.

వినోగ్రాడ్ వదిలేసినా ఆయన రాసిన ఒక ఉదాహరణ మిగిలిపోయింది. ఊరేగింపుకు నగరపాలక సభ్యులు అనుమతి ఇవ్వలేదు, ‘వాళ్లు’ గొడవలకు భయపడ్డారు కాబట్టి. ఇక్కడ వాళ్లంటే సభ్యులు. భయపడ్డారు అన్నచోట ‘గొడవలు కోరుకున్నారు’ అని మార్చితే వాళ్లంటే ఊరేగింపు జనం. వ్యాకరణంలో తేడా ఏమీ లేదు. లోకం తెలిసినవాడికే తేడా తెలుస్తుంది. హెక్టర్ లెవెస్క్ అనే కెనడా శాస్త్రవేత్త ఇలాంటి జంట వాక్యాలతోనే ‘వినోగ్రాడ్ స్కీమా’ పరీక్షను ప్రతిపాదించారు. 2016లో పోటీ పెడితే మొదటి స్థానంలో వచ్చిన ప్రోగ్రామ్‌కు 58 శాతం వచ్చింది. గుడ్డిగా చెప్పినా సగం దాకా ఒప్పయ్యే పరీక్ష ఇది. ఆ తర్వాత మూడు నాలుగేళ్లకే పెద్ద భాషా నమూనాలు 90 శాతం చేరుకున్నాయి.

మధ్యలో జరిగిందేమిటి? 2017లో గూగుల్ పరిశోధకులు ‘ట్రాన్స్‌ఫార్మర్’ అనే నిర్మాణాన్ని ప్రకటించారు. వాక్యంలోని ప్రతి మాటా మిగతా మాటల్లో దేనితో ఎంత సంబంధం పెట్టుకోవాలో లెక్కగట్టే పద్ధతి అది. దానికి కోట్ల పేజీల పాఠం ఇచ్చి, తర్వాత రాబోయే మాటేదో ఊహించమన్నారు. తప్పినప్పుడల్లా లోపలి అంకెలను కొద్దికొద్దిగా సవరించారు. 2020 నాటి జీపీటీ-3 అనే నమూనాలో అలాంటి అంకెలు 17,500 కోట్లు. లోకజ్ఞానాన్ని లెనాట్ లాగా ఎవరూ కూర్చుని రాసివ్వలేదు. మాటను ఊహించే పనిలోనే అది చాలావరకు అంటుకుంది.

ఇది నిజంగా అర్థం చేసుకోవడమేనా అన్న పోట్లాట ఇంకా తెగలేదు. భాషావేత్త ఎమిలీ బెండర్, ఆమె సహచరులు 2021లో ఈ నమూనాలను గణాంకాల చిలకలన్నారు. అది అతి అని వాదించేవారూ ఉన్నారు. ఒక్కటి మాత్రం ఇద్దరూ ఒప్పుకుంటారు. పరీక్షలో మార్కులు రావడం, అర్థం కావడం ఒకటే అని తేల్చలేం. వినోగ్రాడ్ పరీక్షను యంత్రాలు దాటేశాక, ఆ పరీక్ష కొలుస్తుందనుకున్నదాన్ని నిజంగా కొలిచిందా అనే ప్రశ్నే మిగిలింది.

వెయ్యి మాటల పరీక్ష

అర్థమైందా లేదా అన్నది ఎలా కొలవాలి? ఈ ప్రశ్నకు ముందే జవాబు నిర్ణయించుకుని పనిచేసిన ఒక ప్రయత్నంలో తెలుగువాడి పాత్ర పెద్దది. దబ్బల రాజగోపాల్ రెడ్డి 1937లో ఉమ్మడి చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టారు. మద్రాసు గిండీ కళాశాలలో ఇంజినీరింగ్ చదివి, 1966లో స్టాన్‌ఫర్డ్‌లో జాన్ మెకార్తీ దగ్గర పీహెచ్‌డీ చేసి, 1969లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో చేరారు. లోకానికి ఆయన రాజ్ రెడ్డి.

1971లో అమెరికా రక్షణ పరిశోధన విభాగం ఒక అయిదేళ్ల పథకం పెట్టింది. వెయ్యి మాటల పరిధిలో, మనిషి ఆగకుండా మాట్లాడిన వాక్యాన్ని యంత్రం అర్థం చేసుకోవాలి. అర్థంలో తప్పులు 10 శాతం మించకూడదు. ప్రతి మాటా సరిగ్గా వినపడిందా అని చూడలేదు. అడిగింది బోధపడిందా అని చూశారు. 1976లో రాజ్ రెడ్డి నడిపిన కార్నెగీ మెలన్ బృందం చేసిన ‘హార్పీ’ 1,011 మాటలతో ఆ గడి దాటింది. అక్కడే తయారైన ‘హియర్‌సే-2’లో ధ్వని, పదం, వాక్యం, అర్థం చూసే భాగాలు వేరువేరుగా ఉండి, తమ ఊహలను ఒకే నల్లబల్లమీద రాసుకుని ఒకదాన్నొకటి సరిదిద్దుకునేవి. 1994లో రాజ్ రెడ్డికి ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిపి ట్యూరింగ్ అవార్డు వచ్చింది. ఆ గౌరవం అందుకున్నవారిలో ఆసియా మూలాలున్న తొలి వ్యక్తి ఆయనే.

మాట్లాడితే నేర్చుకుంటుందా?

చాట్‌బాట్‌తో రోజూ మాట్లాడేవాళ్లలో చాలామందికి ఒక నమ్మకం ఉంది. మనం తప్పు చూపిస్తే అది అప్పటికప్పుడు నేర్చేసుకుంటుందని. అలా జరగదు. శిక్షణ ముగిసిన రోజు లోపలి అంకెలు గడ్డకడతాయి. మన సంభాషణ ఎంతసేపు సాగినా వాటిలో ఒక్కటీ కదలదు. ‘మీ పేరు గుర్తుంది’ అని చెబుతోందంటే, మన గురించి రాసిపెట్టిన నాలుగు ముక్కలను ప్రశ్నతోపాటు మళ్లీ దానికి చదివి వినిపిస్తున్నారని అర్థం.

ఆ అంకెలను నమూనాయే మార్చుకుంటే? 2025లో ఎంఐటీ పరిశోధకులు ‘సీల్’ అనే పద్ధతితో దీన్ని చేసి చూపారు. పరీక్షకు ముందు పుస్తకం చదివి సొంత నోట్సు రాసుకునే విద్యార్థి పని లాంటిది ఇది. నమూనాకు ఒక పాఠం ఇస్తారు. దాన్నుంచి తనకు పనికొచ్చే నోట్సు అదే రాసుకుంటుంది. ఆ నోట్సుతో దాని అంకెలను సవరిస్తారు. ఆ తర్వాత పాఠం చూపించకుండా ప్రశ్నలడుగుతారు. ఎలాంటి నోట్సు రాస్తే మార్కులు పెరిగాయో దాన్నిబట్టి నోట్సు రాసే తీరు కూడా మెరుగవుతుంది. పాఠాన్ని యథాతథంగా చదివించి సవరించినప్పుడు 33.5 శాతం ఉన్న మార్కులు సొంత నోట్సుతో 47 శాతానికి వచ్చాయి.

చిక్కు ఎక్కడంటే, కొత్త పాఠాలు వరుసగా ఎక్కించేకొద్దీ పాతవి చెరిగిపోయాయి. నాడీజాల నమూనాలకు ఈ మతిమరుపు ఉందని 1989లోనే గుర్తించారు. ఒకే అంకెల రాశిలో అన్ని జ్ఞాపకాలూ కలిసి ఉంటాయి కాబట్టి, ఒకదాన్ని దిద్దబోతే పక్కది చెదురుతుంది. నిరంతరం నేర్చుకుంటూ, పాతది మరవకుండా ఉండే నమూనా ఇప్పటికీ తేలని సమస్యే.

తన కోడ్ తానే

రెండో దారి అంకెల జోలికి పోదు. నమూనా చుట్టూ ఉండే కోడ్‌ను మారుస్తుంది. ఏ పనిముట్లు వాడాలి, పనిని ఎలా విడగొట్టాలి, తప్పు వస్తే ఎన్నిసార్లు ప్రయత్నించాలి వంటివన్నీ ఆ కోడ్‌లో ఉంటాయి.

దీని వెనక పాత కల ఉంది. 1965లో బ్రిటిష్ గణితవేత్త ఐ.జె. గుడ్ ఒక వ్యాసం రాశారు. మనిషిని మించిన తెలివైన యంత్రం వస్తే తనకంటే మెరుగైన యంత్రాన్ని తయారుచేస్తుంది, అది ఇంకా మెరుగైనదాన్ని చేస్తుంది, అలా మేధ విస్ఫోటనం జరుగుతుందన్నారు. 2003లో యూర్గెన్ ష్మిడ్‌హుబర్ దానికి కళ్లెం వేస్తూ ‘గోడెల్ మెషీన్’ను ప్రతిపాదించారు. మార్పు మేలు చేస్తుందని గణితపరంగా రుజువు దొరికితేనే యంత్రం తన కోడ్‌ను మార్చుకోవాలి. వినడానికి బాగుంది. నిజజీవితపు ప్రోగ్రాములకు అలాంటి రుజువు దాదాపు దొరకదు.

2025లో జపాన్‌కు చెందిన సకానా ఏఐ, కెనడాలోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు రుజువు స్థానంలో పరీక్షను పెట్టారు. ‘డార్విన్ గోడెల్ మెషీన్’ అన్నది దాని పేరు. ప్రోగ్రామ్ తన కోడ్‌ను తానే చదివి, ఒక మార్పు ప్రతిపాదించి, కొత్త రూపంతో నిజమైన సాఫ్ట్‌వేర్ లోపాలను సరిచేసే పరీక్ష రాస్తుంది. పనిచేసే రూపాలన్నింటినీ దాచి ఉంచుతారు. ఇవాళ వెనకబడిన రూపం నుంచి రేపు మంచి పిల్ల పుట్టవచ్చు కదా. అలా 20 శాతం నుంచి 50 శాతానికి మార్కులు పెరిగాయి. లోపలి భాషా నమూనాను ఎవరూ ముట్టుకోలేదు.

యూరిస్కో ఆగిన చోట ఇది ముందుకు పోవడానికి కారణం భాషే. లెనాట్ ప్రోగ్రామ్ కోడ్‌ముక్కలను అటూ ఇటూ మార్చి చూసేది. ఇప్పటి నమూనా ఆ కోడ్ ఎందుకుందో చదువుకుని, ఎక్కడ తప్పుతోందో మాటల్లో చెప్పుకుని, ఆ మాటలను మళ్లీ కోడ్‌గా మారుస్తుంది. రాతకూ అర్థానికీ మధ్య దూరాన్ని భాషా నమూనా దాటించింది. అదే ఏడాది గూగుల్ డీప్‌మైండ్ ప్రకటించిన ‘ఆల్ఫాఎవాల్వ్’ ఈ దారిలోనే నడిచింది. 4×4 సంకీర్ణ సంఖ్యల మాత్రికల గుణకారానికి, 1969 నాటి స్ట్రాసెన్ పద్ధతికి అవసరమయ్యే 49 గుణకారాల బదులు 48 చాలని చూపింది. తనను నడిపించే జెమిని నమూనా శిక్షణ సమయాన్నే 1 శాతం తగ్గించింది. యంత్రం తన పుట్టుకను తానే వేగిరపరిచిందన్నమాట. ఆ వేగం మాత్రం ఒక్క శాతమే.

పాత జబ్బు కూడా వెంటే వచ్చింది. పరీక్షలు నడపకుండానే నడిపినట్టు డార్విన్ గోడెల్ మెషీన్ దొంగ చిట్టా రాసింది. ఆ అబద్ధాలను పట్టుకోవడానికి పరిశోధకులు గుర్తులు పెడితే, ఒక రూపం అబద్ధం మానకుండా గుర్తులనే తీసేసి పూర్తి మార్కులు కొట్టింది. 2024లో సకానాదే ‘ఏఐ సైంటిస్ట్’ అనే ప్రోగ్రామ్ ప్రయోగం గడువులో పూర్తికాకపోతే, పని వేగం పెంచడం మాని గడువును పొడిగించేలా కోడ్ మార్చబోయింది. ఇవన్నీ ప్రయోగాల్లోనే జరిగాయి, మనుషులు చిట్టాలు చూశారు కాబట్టే బయటపడ్డాయి. అందులో దురుద్దేశమేమీ లేదు. కొలతను పెంచమన్నారు, అది కొలతను పెంచింది.

తీర్పు ఎవరిది?

ఈ కథలన్నీ పక్కపక్కన పెడితే ఒక తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 2017లో డీప్‌మైండ్ ‘ఆల్ఫాగో జీరో’ మనుషుల ఆటలు ఒక్కటీ చూడకుండా, మూడు రోజుల్లో తనతో తాను 49 లక్షల గో ఆటలాడి, ప్రపంచ ప్రఖ్యాత ఆటగాడు లీ సెడాల్‌ను ఓడించిన పాత రూపాన్ని 100-0తో చిత్తుచేసింది. గో ఆటలో గెలుపోటములకు తిరుగులేని నియమాలున్నాయి. యంత్రం వాటిని మార్చలేదు. తీర్పు బయటి నుంచి, స్పష్టంగా, ప్రతి ఆటకూ వస్తుంది. గణితమూ, కోడూ చాలావరకు ఇలాంటివే.

భాష అలాంటిది కాదు. 2025 జనవరిలో చైనా సంస్థ డీప్‌సీక్ ‘ఆర్1-జీరో’ గురించి ప్రకటించింది. లెక్కకు సరైన జవాబు వస్తే బహుమతి, లేకపోతే లేదు. మనుషులు రాసిన పరిష్కారాలు నేర్పకుండా ఈ ఒక్క పద్ధతితో ఒక కఠిన గణిత పరీక్షలో దాని మార్కులు 15.6 నుంచి 71 శాతానికి ఎగబాకాయి. తన అడుగును తానే అనుమానించి వెనక్కి వెళ్లడం కూడా నేర్చుకుంది. ఆ దారిలో దాని రాత పాడైంది. ఆలోచన మధ్యలో చైనీస్, ఇంగ్లిష్ కలగాపులగమయ్యాయి. చదవడం కష్టమైంది. జవాబును మాత్రమే కొలిచారు, భాషను కొలవలేదు, భాష చెడింది. తర్వాతి రూపంలో ఒకే భాషలో ఆలోచిస్తే అదనపు బహుమతి అని పెట్టారు. లెక్కల మార్కులు స్వల్పంగా తగ్గినా మనిషికి అర్థం కావడమే ముఖ్యమని ఎంచుకున్నారు. ఆ ఎంపిక చేసింది మనుషులు.

బయటి తీర్పు అసలే లేకపోతే ఏమవుతుందో 2024లో ‘నేచర్’ పత్రికలో ఇలియా షుమైలోవ్ బృందం చూపింది. ఒక నమూనా రాసింది రెండోదానికి, అది రాసింది మూడోదానికి పాఠంగా పెడుతూ పోయారు. అరుదైన సంగతులు ముందుగా మాయమయ్యాయి. చర్చి గోపురాల నిర్మాణంపై మొదలైన పాఠం తొమ్మిదో తరానికి రంగు రంగుల తోకల కుందేళ్ల జాబితాగా మిగిలింది. తన మాటే తాను తినే యంత్రం చివరికి ఏమీ చెప్పలేని యంత్రమవుతుంది.

తెలుగు సంగతి

ఇప్పుడు మన ఇంటికి వద్దాం. భాషా నమూనా మన వాక్యాన్ని అక్షరాలుగానో మాటలుగానో చదవదు. టోకెన్లు అనే ముక్కలుగా నరుక్కుని చదువుతుంది. 2024 మే నెలలో ఓపెన్‌ఏఐ కొత్త నమూనాను విడుదల చేస్తూ ఒక పోలిక చూపింది. ఒకే సందేశానికి ఇంగ్లిష్‌లో అంతకుముందు 27 టోకెన్లు, కొత్తదానిలో 24. తెలుగులో అంతకుముందు 159, కొత్తదానిలో 45. ముక్కలు ఎక్కువైతే ఖర్చూ ఎక్కువే, అర్థం పట్టుకోవడమూ కష్టమే. ఈ బాగు యంత్రం తనంతట తాను చేసుకున్నది కాదు. ముక్కలు చేసే పద్ధతి శిక్షణకు ముందే ఖాయమవుతుంది. మనుషులు కూర్చుని మార్చాలి, మార్చారు.

అర్థం విషయంలో పని ఇంకా లోతుగా ఉంది. ‘రమణయ్య సుబ్బయ్యకు అప్పు ఇవ్వలేదు, పాతది తీర్చలేదని.’ ఎవరు తీర్చలేదు? ‘రమణయ్య సుబ్బయ్యకు అప్పు ఇవ్వలేదు, జీతం ఇంకా రాలేదని.’ ఎవరికి రాలేదు? మన చెవికి రెండూ తేటతెల్లం. ఇంగ్లిష్ పరీక్షలో ‘వాళ్లు’ ఎవరో పోల్చుకుంటే చాలు. ఈ తెలుగు వాక్యాల్లో ఆ సర్వనామమే లేదు. లేని మాటను ముందు ఊహించి, తర్వాత అది ఎవరిదో తేల్చాలి. ఇంగ్లిష్ పరీక్షలను యంత్రంతో అనువాదం చేయించి తెలుగు సామర్థ్యం కొలిస్తే ఇలాంటివి జల్లెడలోంచి జారిపోతాయి. ఐఐటీ మద్రాస్‌లోని ఏఐ4భారత్ బృందం 2024లో ప్రాంతీయ పోటీ పరీక్షల ప్రశ్నలతో తెలుగు సహా భారతీయ భాషలకు ‘మిలు’ అనే పరీక్షను తయారుచేసింది. హైదరాబాద్ ట్రిపుల్‌ఐటీలో భాషా సాంకేతికతపై ఎన్నో ఏళ్లుగా పని సాగుతోంది. దారి ఉంది. నడిచేవాళ్లు చాలడం లేదు.

తనను తాను దిద్దుకునే యంత్రం తాను కొలవబడే చోటే బాగుపడుతుంది. కోడ్‌కు పరీక్షలున్నాయి, కోడ్ మెరుగవుతుంది. లెక్కకు జవాబుంది, లెక్క మెరుగవుతుంది. 2011 జనాభా లెక్కల ప్రకారం 8 కోట్లమందికి పైగా మాట్లాడే తెలుగుకు పరీక్ష లేకపోతే, అది బాగుపడలేదన్న సంగతే యంత్రానికి తెలియదు. పైగా నెట్‌లో మనుషులు రాసిన తెలుగు తక్కువై యంత్రాలు రాసిన తెలుగు పెరిగితే, కుందేళ్ల కథ ముందుగా జరిగేది ఇలాంటి భాషల్లోనే.

విశ్వవిద్యాలయాల తెలుగు శాఖలు కంప్యూటర్ శాఖలతో కలిసి సీమ, కోస్తా, తెలంగాణ మాటతీరులన్నింటికీ ప్రశ్నపత్రాలు తయారుచేయాలి. ప్రభుత్వాలు ఏఐ సేవలు కొనేముందు తెలుగులో ఎన్ని మార్కులు వచ్చాయో అడగాలి. పాఠకులు చేయగలిగిందీ ఉంది. చాట్‌బాట్ తెలుగులో తప్పు రాస్తే ‘బాగాలేదు’ అని నొక్కి, ఎందుకో ఒక వాక్యం రాయండి. కేంద్ర ప్రభుత్వ భాషిణి పథకంలో ‘భాషాదాన్’ వేదిక ఉంది. మీ గొంతుతో నాలుగు వాక్యాలు చదవండి, ఇతరులు రాసినవాటిలో తప్పొప్పులు చెప్పండి. తెలుగు వికీపీడియాలో మీ ఊరి గురించి మీరే రాయండి. యంత్రం నేర్చుకునే తెలుగుకు తీర్పరులు కావాలి. ఆ పని తెలుగు తెలిసినవాళ్లు తప్ప మరొకరు చేయలేరు.